తవుడు పోని కొర్రలు, మొలకెత్తిన రాగులు

శ్రోతలకు నమస్కారం. కొర్రలు, సామలు, రాగులు ఇప్పుడు పట్నాల్లోనూ వండుకుంటున్నారు, సంతోషం. అయితే గింజలోని బలం కంచం దాకా వస్తుందా లేదా అన్నది దాన్ని ఆడించే తీరులోనే ఉంది.

కొర్ర గింజకు పైన గట్టి పొట్టు, దాని కింద పలుచని తవుడు పొర ఉంటాయి. పొట్టు అరగదు, తీయాల్సిందే. పీచు, బి విటమిన్లు, ఖనిజాలు ఎక్కువగా ఉండే తవుడు మాత్రం పోకూడదు. చిక్కంతా మిల్లులోనే. చిన్నా పెద్దా గింజలు కలిపి పోస్తే పెద్దవాటి పొట్టు ఊడుతుంది, చిన్నవి అలాగే మిగిలిపోతాయి. వాటికోసం మళ్లీ ఆడిస్తే, అప్పటికే పొట్టు పోయిన గింజల తవుడు రాలిపోతుంది. ముందే జల్లించి, సైజుల వారీగా ఆడించాలి. కొనేటప్పుడు రంగు చూడండి. తవుడున్న కొర్ర బియ్యం లేత పసుపుగా ఉంటుంది, పాలిష్ పట్టింది తెల్లగా మెరుస్తుంది.

రాగుల సంగతి వేరు. ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అంటారు. 100 గ్రాముల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అదీ పైపొరలోనే ఎక్కువ. పిండిని సన్న జల్లెడ పట్టి పైన మిగిలింది పారబోయకండి, దయచేసి. అయితే ఆ పొరలోనే ఉన్న ఫైటేట్లు, టానిన్లు ఇనుమును ఒంటికి సరిగా అందనివ్వవు. అందుకు మంచి ఉపాయం మొలక కట్టడం.

కిలో రాగులు ఏరి, మూడు నాలుగు నీళ్లు కడిగి, 10 నుంచి 12 గంటలు నానబెట్టండి. ఎండాకాలమైతే మధ్యలో నీళ్లు మార్చాలి, లేకుంటే పులిసి జిగురు పడతాయి. వడకట్టి తడి గుడ్డలో మూటకట్టి, గుడ్డ ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ ఒకటి రెండు రోజులు ఉంచండి. తెల్లని మొలక కనిపించగానే ఆపేయాలి. పొడవుగా పెరగనిస్తే రుచి చెడుతుంది. గలగలమనేదాకా ఎండబెట్టండి, తడి మిగిలితే బూజు పడుతుంది. నలిపి వేళ్లు రాల్చి, చెరిగి, సన్న సెగమీద కమ్మని వాసన వచ్చేవరకే వేయించి ఆడించండి. మొలకలో పుట్టిన ఎంజైములు జావను పలుచన చేస్తాయి. అందుకే పసిబిడ్డకు అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పట్టించవచ్చు. మాడేలా వేయిస్తే ఆ ఎంజైములు చచ్చి, జావ మళ్లీ ముద్దకడుతుంది.

ఇక సజ్జ పిండి. కొవ్వు ఎక్కువ కావడంతో కొద్ది రోజులకే చేదెక్కుతుంది. సజ్జలను మరిగే నీళ్లలో అర నిమిషం ఉంచి, వెంటనే వంచి, బాగా ఎండబెట్టి ఆడిస్తే మరికొన్నాళ్లు నిలుస్తుంది. అంత ఓపిక లేకపోతే వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి.