అమెరికా గూడ్సు రైళ్ళకి మనుషులు ఎందుకు దొరకలేదు?

"తీసేసేది జూనియర్లనే కదా, సీనియర్లు ఉంటారు కదా, ఇంక అనుభవం ఎక్కడికి పోతుంది?"

అమెరికా రైల్‌రోడ్ లేఆఫ్‌ల మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు నన్ను ఇదే అడుగుతారు. కాగితం మీద చూస్తే వాళ్ళన్నది నిజమే. యూనియన్ ఒప్పందాల ప్రకారం చివర చేరినవాళ్ళే ముందు పోవాలి. మరి 2022లో దేశంలోని నాలుగు పెద్ద రైల్‌రోడ్లు, బీఎన్ఎస్ఎఫ్, యూనియన్ పసిఫిక్, సీఎస్ఎక్స్, నార్‌ఫోక్ సదరన్, రైళ్ళు నడపడానికి మనుషుల్లేక ఎందుకు చేతులెత్తేశాయి? ఈరోజు విప్పి చూద్దామనుకుంటున్నది ఈ ముడినే.

ముందుగా కాలువ లస్కరు, అంటే కాలువ తూములు చూసుకునే ఉద్యోగి గురించి ఒక్క నిమిషం వినండి. వీడియో మొత్తం ఆయనతో పని ఉంది.

గోదావరి డెల్టాలో కాలువ మ్యాపు ఆఫీసులో ఉంటుంది. నీటి లెక్క ఇంజనీరు దగ్గర ఉంటుంది. కానీ ఏ తూము షట్టరు సగంలో ఇరుక్కుంటుందో, ఏ మలుపులో గుర్రపుడెక్క పేరుకుంటుందో, పైన ఎంత వదిలితే శివారుకి ఎంత చేరుతుందో లస్కరుకి తెలుసు. ఆ పోస్టు ఖాళీగా వదిలేస్తే మొదటి వారం ఏమీ కాదు. నీళ్ళు పారుతూనే ఉంటాయి. ముందు ఎండేది శివారు పొలం.

ఇప్పుడు రైలెక్కుదాం.

[స్క్రీన్ మీద: కొండల్లో పొడవాటి గూడ్సు రైలు]

నూటయాభై వేగన్లు, రెండున్నర కిలోమీటర్ల పొడవు. ఇంజన్ పల్లంలోకి దిగుతుంటే తోక భాగం ఇంకా అవతలి గట్టు ఎక్కుతూ ఉంటుంది. వేగన్‌కీ వేగన్‌కీ మధ్య కప్లింగ్‌లో కొన్ని అంగుళాల వదులు ఉంటుంది. నూటయాభై వేగన్ల వదులూ కలిస్తే ఎన్నో మీటర్లవుతుంది. బ్రేకు ఒక్క క్షణం తేడాగా పడితే వెనకున్న వేల టన్నులు ముందుకొచ్చి గుద్దుకుంటాయి. తొందరపడి లాగితే కప్లింగ్‌లో నకిల్ అనే ఉక్కు ముక్క విరుగుతుంది. దాని బరువు 35 కిలోల పైమాటే. ఇంజన్‌లో డ్రైవర్‌తో పాటు ఉండే కండక్టర్ అర్ధరాత్రి వానలో దిగి, రాళ్ళ మీద నడుచుకుంటూ వెళ్ళి కొత్తది వెయ్యాలి. అంతసేపూ ఆ లైను మీద వెనకున్న రైళ్ళన్నీ ఆగిపోతాయి.

ఈ ఎత్తుపల్లాల్లో ఎక్కడ బ్రేకు మొదలుపెట్టాలి, ఎక్కడ వదలాలి, మంచు పడ్డ పొద్దున ఏ మలుపులో చక్రాలు జారతాయి, ఇదంతా ఆ దారిలో తిరిగి తిరిగి నేర్చుకునేది. కాజీపేటలోనో గుంతకల్లులోనో ఏ లోకో పైలట్‌నైనా అడగండి, లెర్నింగ్ రోడ్ అంటారు: కొత్త సెక్షన్‌లో సొంతంగా బండి నడిపే ముందు, దారి తెలిసినవాళ్ళతో తిరిగి చూసుకోవాలి. అమెరికాలోనూ ఆ సెక్షన్ తెలియని డ్రైవర్‌కి తెలిసినవాళ్ళని పక్కన తోడివ్వాలని నిబంధనలున్నాయి. అంటే ఈ అనుభవానికి ఊరు ఉంది, మైలురాయి ఉంది. మనిషిని ఇంకో చోటికి పంపిస్తే అది ఆయనతో పాటు వెళ్ళదు.

సీనియర్లు ఉంటారు కదా అనే మాట ఇక్కడే తేలిపోతుంది. ఒక యార్డు మూసేశారు అనుకోండి. పాతికేళ్ళ సర్వీసున్నవాడి ఉద్యోగం పోదు. సీనియారిటీ వాడుకుని నాలుగొందల కిలోమీటర్ల అవతల ఇంకో యార్డులో జూనియర్ స్థానం తీసుకుంటాడు. దాన్ని బంపింగ్ అంటారు. ఆ జూనియర్ ఇంకొకర్ని కదుపుతాడు, చివరికి ఎవరో ఒకరు ఇంటికి పోతారు. లెక్కల్లో పోయింది ఒక కొత్త ఉద్యోగి. నిజంగా పోయిందేంటి? కోనసీమ లస్కరుని తీసుకెళ్ళి సాగర్ ఎడమ కాలువ మీద పెట్టారు. మనిషి ఉన్నాడు, జీతం అందుతోంది, ఆయనకి తెలిసిన తూముల దగ్గర మాత్రం ఎవరూ లేరు. హెచ్‌ఆర్ షీట్లలో ఈ నష్టానికి గడే ఉండదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

ఇదంతా ఎందుకు మొదలైంది? ప్రెసిషన్ షెడ్యూల్డ్ రైల్‌రోడింగ్ అనే పద్ధతి. తక్కువ ఇంజన్లు, తక్కువ యార్డులు, తక్కువ మనుషులు, పొడవాటి రైళ్ళు. దాన్ని తెచ్చిన హంటర్ హారిసన్ 2017 మార్చిలో సీఎస్ఎక్స్ పగ్గాలు పట్టారు. ఆయన రాకముందే, ఫిబ్రవరిలో, ఆ కంపెనీ వెయ్యిమంది మేనేజ్‌మెంట్ ఉద్యోగుల్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వీళ్ళకి యూనియన్ సీనియారిటీ రక్షణ లేదని గుర్తుపెట్టుకోండి. ఆ వేసవికే వేగన్లు దారి తప్పి తిరగడం, సరుకు వారాల తరబడి ఆలస్యం కావడం మొదలై, ఫెడరల్ నియంత్రణ సంస్థ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అక్టోబర్‌లో అందర్నీ పిలిపించి వినాల్సి వచ్చింది. హారిసన్‌కి పని తెలియదని ఎవరూ అనలేరు. మెంఫిస్‌లో చక్రాలకి నూనె పోసే పనితో జీవితం మొదలుపెట్టిన మనిషి ఆయన. ఆ తరహా నేర్పుకి దారే మిగలని పద్ధతి ఆయన చేతుల మీదుగానే రావడం గురించి నేను చాలా ఆలోచించాను.

అప్పటికైనా మిగతావాళ్ళు ఆగాల్సింది. ఆగలేదు. యూనియన్ పసిఫిక్ 2018లో అదే దారి పట్టింది. అప్పుడు దాదాపు 42 వేలమంది ఉన్న కంపెనీలో 2021కి మిగిలింది దాదాపు 30 వేలు. మొత్తం పెద్ద రైల్‌రోడ్లు ఆరేళ్ళలో 45 వేలమందిని, అంటే 29 శాతం సిబ్బందిని తగ్గించుకున్నాయని 2022లో బోర్డు ఛైర్మన్ మార్టిన్ ఓబర్‌మన్ లెక్క చెప్పారు. ఇంత లోతుగా కోస్తే జూనియర్ల దగ్గర ఆగదు. నడివయసు వాళ్ళదాకా వస్తుంది. పైన మిగిలినవాళ్ళలో 30 ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళు అరవయ్యో ఏట పూర్తి పెన్షన్‌తో వెళ్ళిపోవచ్చు. నేర్పాల్సినవాళ్ళు వెళ్ళిపోతున్నారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్న మధ్య తరం ఇంట్లో కూర్చుంది.

"అవసరమైతే మళ్ళీ పిలుస్తారుగా?" పిలిచారు. కోవిడ్ తర్వాత సరుకు పెరగ్గానే పిలిచారు. చాలామంది రాలేదు. ఎందుకొస్తారు? ఫోన్ మోగితే గంటన్నర, రెండు గంటల్లో డ్యూటీకి పోవాలి, ఎప్పుడు మోగుతుందో తెలియదు, జ్వరమొస్తే అప్పటికి చాలామందికి జీతంతో సెలవు లేదు. పైగా 2022 ఫిబ్రవరిలో బీఎన్ఎస్ఎఫ్ హాజరు నిబంధనలు ఇంకా బిగించింది. ఆ డిసెంబర్‌లో దేశవ్యాప్త సమ్మె తప్పించడానికి అమెరికా కాంగ్రెస్ చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే ఎంత కడుపుమంట ఉందో చూడండి. ఇక కొత్తవాళ్ళకి కండక్టర్ శిక్షణకే నెలలు పడుతుంది. ఆ శిక్షణలో అసలు భాగం పాతవాళ్ళ పక్కన పని చెయ్యడమే. కొత్త లస్కరుకి తూములు చూపించడానికి పాత లస్కరే లేడు.

మరి శివారు పొలం? అది కాలిఫోర్నియాలో ఉంది. ఫాస్టర్ ఫార్మ్స్ అనే కోళ్ళ కంపెనీకి యూనియన్ పసిఫిక్ రైళ్ళలో రావాల్సిన మొక్కజొన్న రాలేదు. లక్షల కోళ్ళకి, పాడి పశువులకి దాణా అయిపోతోందని 2022 జూన్‌లో ఆ కంపెనీ సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డుని ఆశ్రయిస్తే, ఆ రైళ్ళని ముందు పంపమని బోర్డు అత్యవసర ఆదేశం ఇచ్చింది. దేశంలో మొక్కజొన్న ఉంది, పట్టాలున్నాయి, ఇంజన్లున్నాయి.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. 2022 డిసెంబర్‌లో నార్‌ఫోక్ సదరన్ మంచి మాటే చెప్పింది: సరుకు తగ్గినా మనుషుల్ని పంపించం, ఆ ఖాళీలో శిక్షణ ఇస్తాం అని. నాకు అది సరైన నిర్ణయమే అనిపించింది. తర్వాత 2023లో ఒహాయో రాష్ట్రంలోని ఈస్ట్ పాలస్తీన్‌లో ఆ కంపెనీ రైలు పట్టాలు తప్పింది, దాని కారణాలు వేరే, బేరింగ్ వేడెక్కి విరిగింది. 2024లో అంకోరా అనే ఇన్వెస్టర్ సంస్థ ఖర్చులు ఎక్కువంటూ పోరాడి నార్‌ఫోక్ సదరన్ డైరెక్టర్ల బోర్డులో మూడు సీట్లు గెలిచింది. 2025 జులైలో యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ విలీనం ప్రకటించాయి. ఎన్ని ఉద్యోగాలు పోతాయని అందరూ అడుగుతున్నారు. నేను అడిగేది ఏ యార్డులు మూస్తారని, అక్కడివాళ్ళని ఎక్కడికి పంపిస్తారని. విలీనం పత్రాల్లో దాని గురించి ఏం రాశారో వచ్చే వీడియోలో చదువుదాం. మీలో లోకో పైలట్లు, గార్డులు ఉంటే, మీ సెక్షన్‌లో లెర్నింగ్ రోడ్ ఎవరి దగ్గర చేశారో, వాళ్ళు ఏం చూపించారో రాయండి.