బర్క్లీలో సీటొచ్చింది సరే, ఉండేదెక్కడ?

నమస్తే అండీ. మొన్న విజయవాడ నుంచి ఒకాయన ఫోన్ చేశారు. వాళ్ళబ్బాయికి అమెరికాలో, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్లీలో డిగ్రీ సీటొచ్చింది. హౌసింగ్ ఫారం నింపుతుంటే 'థీమ్ ప్రోగ్రాం' అని కనిపించిందట. "ఆఫ్రికన్ అమెరికన్ల పేరుతో ఒకటి, ఏషియన్ల పేరుతో ఒకటి ఉన్నాయండీ. ఇవి మన కుల హాస్టళ్ళ లాంటివేనా? మావాడు మాంసం ముట్టడు, ఏది పెట్టమంటారు?" అని అడిగారు.

నవ్వొచ్చింది గానీ, అడిగినదాంట్లో పాయింటుంది. 1918లో కొత్వాల్ వెంకటరామారెడ్డి గారు హైదరాబాదులో రెడ్డి హాస్టల్ పెట్టించారంటే, జిల్లాల నుంచి చదువుకోడానికొచ్చే పిల్లలకు పట్నంలో తల దాచుకునే చోటు లేకే. సురవరం ప్రతాపరెడ్డి గారు చాలా ఏళ్ళు ఆ హాస్టల్ బాగోగులు చూశారు. బర్క్లీ థీమ్‌లంటే ఒకే నేపథ్యమో, ఆసక్తో ఉన్నవాళ్ళు హాస్టల్లో ఒక చోట ఉండే ఏర్పాటు. వాటి వెనకా అలాంటి అవసరమే ఉంది. క్లాసులో తనలాంటివాడు ఇంకొకడు కనపడని కుర్రాడికి, సాయంత్రం గదికొచ్చాకైనా కాస్త సొంత వాతావరణం ఉండాలని. తేడా ఏంటంటే, అక్కడ ఫలానా ఇంట్లో పుట్టి ఉండాలనే షరతు లేదు. ఆసక్తి ఉంటే ఎవరైనా అప్లై చేయొచ్చు. కానీ దానితోపాటు ఒక సెమినార్ క్లాసూ ఉంటుంది. గది దొరికితే చాలనుకుని టిక్కు పెట్టేస్తే, తర్వాత మీవాడికే విసుగు.

మామూలు డార్మ్, అంటే యూనివర్సిటీ హాస్టల్ అయితే గదికి ఇద్దరు ముగ్గురు, మీల్ ప్లాన్ తప్పనిసరి. మొదటి ఏడాదికి ఇబ్బంది లేదు. బయట అపార్ట్‌మెంట్ అంటే మనవాళ్ళు నలుగురు కలిసి పప్పు, చారు, క్రికెట్. అదీ ఒక థీమ్ హౌసే, బోర్డు లేదంతే!

నన్నడిగితే ఇంకొకటి ఉంది, కో-ఆప్, అంటే సహకార పద్ధతిలో నడిచే హాస్టల్. 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, 14 మంది విద్యార్థులు ఖర్చులు పంచుకుని ఒకే ఇంట్లో ఉండటంతో మొదలైంది. ఇప్పుడు బర్క్లీ స్టూడెంట్ కోఆపరేటివ్ ఇళ్ళల్లో 1,200 మందికి పైగా ఉంటున్నారు. నడిపేదీ విద్యార్థులే. అద్దె తక్కువ ఎలా అవుతుందంటే, ఒక్కొక్కరూ వారానికి 5 గంటలు ఇంటి పని చేస్తారు. వర్క్‌షిఫ్ట్ అంటారు. ఎగ్గొడితే జరిమానా.

ఒక ఫ్రెండ్ పిలిస్తే భోజనానికెళ్ళాను. కిచెన్ గోడ మీద ఎవరికి ఏ పనో రాసిన చార్టు. మన పెళ్ళిళ్ళలో సాంబారు కాచేంత గుండిగ ఒకటి సింకులో పెట్టుకుని, ఫిజిక్స్ చదివే కుర్రాడు మోచేతుల దాకా నురగతో అడుగంటిన అన్నం గీకుతున్నాడు. పక్కన ఇంకొకరు ఉల్లిపాయలు తరుగుతూ వాడికి లెక్క చెబుతున్నారు. అదేం శుభ్రమైన కిచెన్ కాదులెండి, అమ్మలు చూస్తే కళ్ళు తిరుగుతాయి.

ఈ కో-ఆప్‌లకీ థీమ్‌లున్నాయి. షెర్మన్ హాల్ అమ్మాయిలకు. లోత్లోరియన్ హాల్ వెజిటేరియన్ ఇల్లు. మీరడిగింది ఇదే. అయితే గుడ్డు సంగతి ముందే కనుక్కోండి. వెజిటేరియన్ అంటే వాళ్ళ లెక్క వేరు, మన లెక్క వేరు.

థీమ్ పెట్టడం కాదు, నిలబెట్టడమే కష్టం. క్లోయిన్ కోర్ట్ అని 1904లో హోటల్‌గా కట్టిన భవనం ఉంది. కో-ఆప్ అయ్యాక పార్టీలకు పేరుమోసింది. మత్తుమందుల వ్యవహారం కోర్టు దాకా పోయాక, 2014లో దాన్ని మందూ మత్తూ లేని ఇల్లుగా మార్చాలని తీర్మానించారు. ఎలా మార్చారో తెలుసా? అప్పటిదాకా అందులో ఉన్నవాళ్ళని మళ్ళీ ఆ ఇంట్లోకి రానివ్వలేదు! పెద్ద గొడవైంది. నాకైతే అన్యాయమే అనిపిస్తుంది, కానీ పాతవాళ్ళనే ఉంచి గోడ మీద కొత్త బోర్డు తగిలిస్తే ఏం మారేదో కూడా చెప్పలేను.

కాబట్టి సార్, మొదటి ఏడు డార్మే పెట్టండి. కో-ఆప్‌కి కూడా అప్లికేషన్ ఇప్పుడే పెట్టి ఉంచండి, వెయిటింగ్ ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళకి సింగిల్ రూమ్ మీద ఆశ వద్దు, అక్కడ సీనియారిటీ లెక్క. ఈలోపు మీ ఇంట్లో కుక్కరు ఎవరు తోముతున్నారో చూడండి. మీ ఆవిడైతే, ఈ రెండు నెలలూ ఆ పని మీవాడికి అప్పగించండి.