తిరిగి వెళ్లని కొషుత్

(తెర మీద: తిరుగుతున్న మైనపు సిలిండర్. గరగర శబ్దం.)

ఇదేదో పాడైపోయిన రికార్డు అనుకోకండి. ఇటలీలోని టురిన్‌లో 1890 సెప్టెంబరులో రికార్డు చేశారు. గొంతు హంగరీ విప్లవ నాయకుడు, 88 ఏళ్ల లాయోష్ కొషుత్‌ది. అంటే 1802లో పుట్టిన మనిషి మాట మనం ఇప్పుడు వింటున్నాం!

1849లో ఆస్ట్రియా ఏలుబడి మీద లేచిన హంగరీ విప్లవం ఓడిపోయాక 13 మంది సేనాపతులకు అరాద్ పట్టణంలో మరణశిక్ష వేశారు. అక్కడ వాళ్ల స్మారక విగ్రహం పెడుతుంటే, దానికోసం ఈయన మాట్లాడిన మాటలివి. అప్పటికి దేశం వదిలి 41 ఏళ్లు.

(తెర మీద: చేతిరాత కాగితాలు)

హంగరీని వియన్నాలోని హాబ్స్‌బర్గ్ వంశపు ఆస్ట్రియా చక్రవర్తులు ఏలుతున్న రోజులు. చట్టసభలో ఎవరేం మాట్లాడారో అచ్చు వేయడానికి సెన్సార్ ఒప్పుకోదు. కుర్ర లాయరు కొషుత్ ఆ విశేషాలను చేత్తో రాసి, నకళ్లు తీయించి, ఉత్తరాల్లా ఊళ్లకు పంపేవాడు. 1837లో అరెస్టు చేశారు. జైల్లో బైబిల్, షేక్‌స్పియర్ ముందేసుకుని ఇంగ్లిష్ నేర్చేసుకున్నాడు. ఈ ఇంగ్లిష్ సంగతి గుర్తుంచుకోండి.

1848లో విప్లవం వచ్చింది, హంగరీ కొత్త ప్రభుత్వంలో కొషుత్ ఆర్థికమంత్రి. 1849 ఏప్రిల్ 14న దెబ్రెట్సెన్‌లోని పెద్ద చర్చిలో హాబ్స్‌బర్గ్‌లను గద్దె దించుతున్నట్టు ప్రకటన, ఆ వెంటనే దేశాధినేత. కానీ ఆస్ట్రియాకు తోడు రష్యా సైన్యం కూడా వచ్చిపడింది. ఆగస్టు 11న అధికారం సేనాని గోర్గెయి చేతిలో పెట్టి, కొషుత్ తుర్కీ ఏలుబడిలోని ప్రాంతానికి వెళ్లిపోయాడు. రెండు రోజులకు గోర్గెయి లొంగిపోయాడు. తుర్కీ ఏలుబడిలోని విదిన్ ఊరి నుంచి ఉత్తరం రాసి ఆ గోర్గెయినే ద్రోహి అన్నాడు కొషుత్. ఇది మాత్రం నాకు మింగుడుపడదు. ఓడిపోయే యుద్ధాన్ని అప్పగించి వెళ్లింది ఎవరు మరి?

మనిషి దొరక్కపోయేసరికి 1851లో ఆయన పేరునే ఉరికొయ్యకు తగిలించారు.

సరిగ్గా అప్పుడే జైలు ఇంగ్లిష్ అక్కరకొచ్చింది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఆయన ఉపన్యాసాలకు జనం విరగబడ్డారు. 1852 జనవరిలో అమెరికా ప్రతినిధుల సభ కూడా విన్నది. అయితే ఆయన అడిగింది దేశాల అండ, దొరికింది చప్పట్లు. 1861లో లండన్‌లో హంగరీ కోసం నోట్లు అచ్చు వేయిస్తే, ఆస్ట్రియా చక్రవర్తి అక్కడి కోర్టుకెక్కి మరీ ఆపించాడు.

1867లో ఆస్ట్రియాతో హంగరీ రాజీపడింది. ప్రవాసం వెళ్లినవాళ్లు చాలామంది ఇంటికి వెళ్లారు. చక్రవర్తి కింద బతకనన్నాడు కొషుత్. పదేళ్లు బయట ఉంటే పౌరసత్వం పోతుందని 1879లో చట్టం తెచ్చారు. కొషుత్‌కు ఆ పౌరసత్వం కూడా పోయింది.

(తెర మీద: బుడాపెస్ట్ వీధుల్లో జనం)

1894 మార్చి 20న టురిన్‌లోనే కన్నుమూశాడు. భౌతికకాయాన్ని బుడాపెస్ట్ తెచ్చారు. ప్రభుత్వ లాంఛనాలకు చక్రవర్తి ఒప్పుకోలేదు. ఊరు మాత్రం వీధుల్లోకి వచ్చేసింది.