రిఫండ్ చూసి మురిసిపోకండి

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంటుని) కాదు, ఇన్సూరెన్స్ ఏజెంటుని అసలే కాదు, కాబట్టి మీరు బయటికి వెళ్లేటప్పుడు ఎవరి చేతిలోనూ కార్డు పెట్టను. ఇక్కడ టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటూ, టాక్స్, ఇన్సూరెన్స్ అనే ఈ రెండు విషయాల్లో చెయ్యగలిగిన తప్పులన్నీ వరసపెట్టి చేసినవాణ్ణి, అంతే అర్హత.

ఏటా మార్చి వచ్చిందంటే మన పార్టీల్లో ఒకటే మాట, "నీకెంత రిఫండ్ వచ్చింది?" ఆరు వేలు వచ్చినవాడు ఏదో లాటరీ తగిలినట్టు చెప్తాడు, ఐదొందలు వచ్చినవాడు తన టాక్స్ చేసినాయన్ని తిట్టుకుంటాడు. అయ్యా, ఆ ఆరు వేలు మీవే. ఏడాది పొడుగునా మీ జీతంలోంచి ఎక్కువ కట్ చేయించుకుని, వడ్డీ లేకుండా ప్రభుత్వానికి అప్పిచ్చి, మన డబ్బు మనం తిరిగి తీసుకుంటూ సంబరపడుతున్నాం. చూడాల్సింది రిఫండ్ కాదు, మనం ఏటా వేసే టాక్స్ రిటర్న్, అంటే 1040 ఫారంలో 24వ లైను. మొత్తం టాక్స్ ఎంత పడిందో అక్కడ ఉంటుంది. నిజం చెప్పండి, ఈ గదిలో ఎంతమంది ఆ లైను చూశారు?

దీనికి తిరగేసిన కథ ఒకటుంది, అది మా ఇంట్లోనే జరిగింది. మా ఆవిడకి హెచ్4 వీసా మీద ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి, వచ్చి ఉద్యోగంలో చేరింది. జీతంలోంచి ఎంత టాక్స్ కట్ చెయ్యాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో ఇద్దరం "మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ" అని టిక్కు పెట్టి సంతకం చేసేశాం. నా కంపెనీ ఏమనుకుంటుంది, ఈ ఇంట్లో ఒక్క జీతమే ఉందనుకుంటుంది. ఆమె కంపెనీ కూడా అదే అనుకుంటుంది. ఇద్దరూ చెరోసారి స్టాండర్డ్ డిడక్షన్ (టాక్స్ పడకుండా తీసేసే మొత్తం) అంతా తీసేసి, తక్కువ శాతాల స్లాబులన్నీ కూడా చెరోసారి వాడేసి, తక్కువ కట్ చేస్తారు. 2025 లెక్కల్లో చెప్తాను: భర్తకి 1,30,000, భార్యకి 80,000 డాలర్లు అనుకోండి, వేరే మినహాయింపులేమీ లేవనుకోండి. ఇద్దరి దగ్గరా కలిపి ఏడాదికి కట్ అయ్యేది సుమారు 17,300. పడే టాక్స్ 29,000 పైన. అంటే ఏప్రిల్ 15 లోపల పదకొండు వేల పైచిలుకు డాలర్లు చేతినుంచి కట్టాలి, పైగా తక్కువ కట్టినందుకు పెనాల్టీ కూడా వేయొచ్చు. ఆ డబ్ల్యూ-4లోనే రెండో స్టెప్పులో ఒక చిన్న డబ్బా ఉంటుంది, ఇంట్లో రెండు ఉద్యోగాలున్నాయని చెప్పడానికి. ఇద్దరూ ఆ డబ్బాలో టిక్కు పెడితే ఈ గొడవ చాలావరకు ఉండదు. మేం పెట్టలేదు. ఆ ఏడాది ఇండియా టికెట్ల డబ్బు అటే పోయింది.

ఇంకో భయం కూడా విన్నాను, "హైక్ వస్తే పై స్లాబులోకి వెళ్లి చేతికి తక్కువొస్తుందట" అని. అలా ఏం జరగదు. 2025లో జంటకి 22 శాతం మొదలయ్యేది డిడక్షన్ పోగా మిగిలిన ఆదాయం 96,950 దాటాక. దానికి పైన వెయ్యి వస్తే ఆ వెయ్యికే 22 శాతం, కిందున్నదానికి పాత లెక్కే. హైక్ వద్దనకండి.

ఇండియా అకౌంట్ల సంగతి చాలామంది చెవిన వేసుకోరు. అక్కడున్న అకౌంట్లన్నిట్లో కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే విదేశీ అకౌంట్ల రిపోర్టు, వెయ్యాలి. ఇది టాక్స్ కాదు, ఖర్చు లేదు, ఇక్కడి ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ వాళ్ల సైట్లో మనమే నింపుకోవచ్చు. గుంటూరులో నాన్నగారు "నేను పోయాక ఇబ్బంది పడతావురా" అని తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో మన పేరు కలిపారు చూడండి, అది కూడా లెక్కలోకే వస్తుంది, అందులో మన రూపాయి ఒక్కటీ లేకపోయినా సరే. ఎన్ఆర్ఈ అకౌంట్ (ఎన్నారైలు ఇండియాలో పెట్టుకునేది) వడ్డీకి ఇండియాలో టాక్స్ లేదు కదా అని ఇక్కడ చూపించనివాళ్లూ ఉన్నారు. అక్కడ లేదు, ఇక్కడ ఉంది.

ఇన్సూరెన్స్‌కి వద్దాం. ఇక్కడ మన జబ్బు రివర్సు. టాక్స్‌లో రిఫండ్ చూసి మోసపోతాం, ఇందులో ధర చూసి. ఖరీదైన ప్లాన్ అంటే మంచి ప్లాన్ అనుకుని నేను ఆరేళ్లు అదే తీసుకున్నాను. ఒక లెక్క చూడండి. మొదటి ప్లాన్‌కి నెలకి 600 ప్రీమియం, డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు మనం పెట్టుకునేది) 1,000, అవుటాఫ్ పాకెట్ మాక్సిమం (ఏడాదిలో వైద్యానికి మన జేబులోంచి పోయే గరిష్ఠం) 5,000. రెండోదానికి నెలకి 250, డిడక్టిబుల్ 4,000, మాక్సిమం 8,000, దాంతోపాటు కంపెనీ మన హెచ్ఎస్ఏలో, అంటే వైద్యం ఖర్చులకి పెట్టుకునే ఖాతాలో, వెయ్యి వేస్తుంది. అంతా ఘోరంగా జరిగి, హాస్పిటల్ చుట్టూ తిరిగిన ఏడాదిలో మొదటిదానికి 12,200 ఖర్చు. రెండోదానికి 10,000. ఎవరికీ జలుబు కూడా రాని ఏడాదిలో మొదటిది 7,200, రెండోది వెయ్యి పోగా 2,000. అన్ని కంపెనీల్లో ఇలాగే ఉంటుందనను, కొన్నిచోట్ల తారుమారవుతుంది. కానీ నవంబరులో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ప్లాన్ ఎంచుకునే సమయం) వచ్చినప్పుడు పది నిమిషాలు కూర్చుని రెండు ఏడాదులకీ, మంచిదానికీ చెడ్డదానికీ, ఈ కూడికలు వేసుకోండి.

ఇంకో దెబ్బ. మావాడు మంకీ బార్స్ మీదనుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. మూడు వారాలకి హాస్పిటల్ నుంచి 2,900 బిల్లు. అప్పు ఉంచుకోవడం మనవల్ల కాదు కదా, ఆ రాత్రే కార్డుతో కట్టేశాను. పది రోజులకి ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ వచ్చింది, పైన "ఇది బిల్లు కాదు" అని పెద్దక్షరాల్లో రాసి ఉండే కాగితం, చాలామంది ఆ మాట చదివే చెత్తబుట్టలో పడేస్తారు. అందులో ఉంది, నేను ఇవ్వాల్సింది 1,160 అని. మిగతాది వెనక్కి రాబట్టడానికి నాలుగు నెలలు, లెక్కలేనన్ని ఫోన్లు, ఆ హోల్డ్ మ్యూజిక్ ఇప్పటికీ కల్లోకొస్తుంది. ఈఓబీ వచ్చి, దాని అంకె, బిల్లు అంకె ఒకటైతేనే కట్టండి.

కారు సంగతి ఒక్క ముక్క. టెక్సాస్‌లో చట్టం అడిగే కనీస కారు ఇన్సూరెన్స్ 30/60/25, వేల డాలర్లలో; మొదటి రెండూ అవతలివాళ్ల గాయాలకి. చివరి 25 అంటే అవతలివాళ్ల ఆస్తి నష్టానికి 25,000 డాలర్లు. ఇవాళ పార్కింగ్‌లోకెళ్లి చుట్టూ ఉన్న కార్ల ధరలు చూడండి, ఆపైన మాట్లాడుకుందాం.

అమ్మానాన్నలు ఇండియానుంచి వస్తున్నప్పుడు మాత్రం వాళ్ల ఇన్సూరెన్స్‌కి చవక ప్లాన్ జోలికి పోకండి. చవకగా దొరికే ఫిక్స్‌డ్ ప్లాన్లలో ఒక్కో చికిత్సకి ఇంత అని పరిమితి ఉంటుంది, అది దాటిందంతా మనదే. బీపీ, షుగర్ లాంటి పాతవాటికి ఇచ్చే కవరేజీ సాధారణంగా ఉన్నట్టుండి ముంచుకొస్తేనే, అదీ షరతులతో, వయసు పెరిగేకొద్దీ ఇంకా తక్కువ. నాన్నగారి మాత్రల చీటీ ముందు పెట్టుకుని ఆ పాలసీ కాగితం చదవండి, ఏజెంటు మాట కాదు.

సరే, ఫోన్లు తీసి మీ పే స్టబ్, మీ ఆవిడ లేదా మీ ఆయన పే స్టబ్, రెండూ తెరవండి. ఫెడరల్ టాక్స్ అని ఉన్నచోట ఇప్పటిదాకా ఎంత కట్ అయిందో చూడండి. ప్రశ్నలు అక్కణ్ణుంచి మొదలుపెడదాం.