విలియం మహోన్: పట్టాల నుంచి సెనేట్ దాకా

(తెరపై: వర్జీనియా పటం, నార్ఫోక్ నుంచి పీటర్స్‌బర్గ్‌కు గీసిన రైలుమార్గం)

నమస్కారం. అమెరికా అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టే పక్షాన పోరాడిన ఒక సేనాని, యుద్ధం ముగిసిన పదిహేనేళ్లలోపే నల్లజాతి ఓటర్ల అండతో వర్జీనియా శాసనసభను చేజిక్కించుకున్నాడు. అతడే 1826లో పుట్టిన విలియం మహోన్.

మొదట అతడు రైల్వే ఇంజినీరు. గ్రేట్ డిస్మల్ అనే విశాలమైన చిత్తడి అడవిలో నేల ఎంత బరువు వేసినా కుంగిపోతుంటే, చెట్ల మొద్దులను అడ్డంగా, నిలువుగా వరుసలు పేర్చి, వాటిమీద మట్టికట్ట పోయించాడు. 1858లో పూర్తయిన ఆ దారిలో నేటికీ సరుకు రైళ్లు నడుస్తున్నాయి.

(తెరపై: పీటర్స్‌బర్గ్ కందకాలు)

1864 జులై 30న ఉత్తరాది సైన్యం పీటర్స్‌బర్గ్ రక్షణ వరుస కిందికి సొరంగం తవ్వి, సుమారు 3,600 కిలోల మందుగుండు పేల్చింది. ఆ గండిని ఎదురుదాడితో పూడ్చిన మహోన్‌కు మేజర్ జనరల్ హోదా దక్కింది. అయితే లొంగిపోయిన నల్లజాతి సైనికులను కూడా దక్షిణాది సైనికులు ఆనాడు చంపేశారన్న సంగతిని పక్కనపెట్టి ఆ గెలుపును చెప్పడం న్యాయం కాదు.

యుద్ధానంతరం మూడు రైల్వేలను కలిపి 1870లో ఒకే సంస్థగా నిలబెట్టాడు. 1873 ఆర్థిక సంక్షోభం దెబ్బకు అది వడ్డీలు కట్టలేక కోర్టు ఆధీనంలోకి వెళ్లి, 1881లో ఫిలడెల్ఫియా మదుపరుల పాలైంది.

ఈలోగా రాష్ట్రాన్ని వేరే అప్పు పీడిస్తోంది. యుద్ధానికి ముందు కాలువలకు, రైలుమార్గాలకు తెచ్చిన రుణం వడ్డీతో కలిసి దాదాపు 4.5 కోట్ల డాలర్లకు చేరగా, ఆ వడ్డీల కోసం బడుల నిధులకు కోత పెట్టారు. అప్పులో కొంత కొట్టేయాలన్న రీఅడ్జస్టర్ పార్టీకి మహోన్ నాయకుడయ్యాడు; రైల్వేల కోసం పెరిగిన అప్పును తగ్గించమని రైల్వే యజమానే అడగడం గమనించదగ్గ విషయం. పేద తెల్లవారూ నల్లవారూ కలిసి ఓటేయడంతో 1879లో ఆ పార్టీ నెగ్గింది.

1881లో అతడు అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టేసరికి డెమొక్రాట్లు 37, రిపబ్లికన్లు 37. అతడు రిపబ్లికన్లవైపు మొగ్గి, బదులుగా వర్జీనియాలోని ఫెడరల్ కొలువుల పంపిణీని తన చేతికి తెచ్చుకున్నాడు. వర్జీనియాలో రీఅడ్జస్టర్లు ఓటుపన్నునూ బహిరంగ కొరడా శిక్షనూ రద్దుచేసి, 1882లో నల్లజాతి విద్యార్థులకు పీటర్స్‌బర్గ్ సమీపంలో కళాశాల స్థాపించారు. అదే నేటి వర్జీనియా స్టేట్ యూనివర్సిటీ.

1883 నవంబరులో, ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, డాన్విల్ పట్టణంలో తెల్లవారి కాల్పుల్లో నల్లవారు మరణించారు. జాతి భయాన్ని రెచ్చగొట్టిన డెమొక్రాట్లు శాసనసభను తిరిగి గెలుచుకున్నారు. మహోన్ 1889లో గవర్నరు పదవికి పోటీచేసి ఓడి, 1895లో మరణించాడు. అతని పార్టీ రద్దుచేసిన ఓటుపన్నును 1902 నాటి రాష్ట్ర రాజ్యాంగం మళ్లీ విధించింది.