ఫెయిర్‌ఫాక్స్‌లో ఏ హైస్కూలు మంచిది?

(వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో ఉంటున్న తెలుగువాళ్ల కోసం జరిగిన స్టూడియో చర్చలో కొంత భాగం. పాల్గొన్నవారు: ఒక రియల్టర్, చాంటిలీలో ఉండే ఒక తండ్రి, కౌంటీ దక్షిణ భాగంలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్ అనే అంతర్జాతీయ కోర్సు) చదివి ఇప్పుడు కాలేజీలో ఉన్న ఒక అమ్మాయి.)

యాంకర్: సర్, ఇల్లు చూపించమని వచ్చేవాళ్లు మిమ్మల్ని మొదట ఏమడుగుతారు?

రియల్టర్: బెడ్‌రూములు ఎన్ని అని మాత్రం కాదండీ. "స్కూల్ రేటింగ్ ఎంత?" అని. పదికి తొమ్మిదంటే కారు దిగుతారు. ఆరంటే కిటికీ అద్దం కూడా దించరు.

యాంకర్: మరి ఏది మంచిదో మీరు చెబుతారా?

రియల్టర్: చెప్పకూడదండీ. 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది. జాతి, మతం, పుట్టిన దేశం చూసి మనిషిని ఒక పేట వైపు మళ్లిస్తే దాన్ని స్టీరింగ్ అంటారు. "ఆ స్కూలు అంత బాగుండదు" అన్న చిన్న మాట కూడా అక్కడికే దారితీస్తుంది. అందుకే నోరు కట్టుకుని, మీరే చూసుకోండి అంటాం. వాళ్లు ఫోన్ తీసి ఆ అంకె చూస్తారు.

అమ్మాయి: ఆ అంకెలో ఏముందో ఎవరూ చూడరు అంకుల్. అందులో పెద్ద వాటా పరీక్షల స్కోర్లదే. ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి, ఇంగ్లీషు ఇంకా కూడబలుక్కుంటున్న అబ్బాయి నా బెంచీలోనే కూర్చునేవాడు. వాడి స్కోరూ నా స్కోరూ కలిపి సగటు తీస్తారు. రేటింగ్ ఎక్కువుండే లాంగ్లీ హైస్కూల్లో అలాంటి పిల్లలు చాలా తక్కువ. కౌంటీ అంతటికీ స్కూల్ బోర్డు ఒకటే, టీచర్ల జీతాల స్కేలు ఒకటే. మరి ఆ అంకె దేన్ని కొలుస్తున్నట్టు?

తండ్రి: అమ్మా, నువ్వన్నది కాదనను. కానీ పక్కన చదివేవాళ్లుంటే మనవాడూ చదువుతాడన్నది మన ఊళ్లో చూసిందే కదా. నేను అందుకే అప్పు చేసి మరీ చాంటిలీలో కొన్నాను.

అమ్మాయి: చదివేవాళ్లు మా దగ్గరా ఉన్నారు అంకుల్. ఐబీ డిప్లొమా చేస్తే ఆరు సబ్జెక్టులు, పైన 4,000 పదాల వ్యాసం. నాది మా పక్కనే ఉన్న వాగు నీళ్ల మీద. జనవరిలో చేతులు కొంకర్లు పోతుంటే సీసాలు నింపాను. మా కెమిస్ట్రీ మేడమ్ శనివారం వచ్చి ల్యాబ్ తలుపు తీసేవారు. రేటింగ్‌లో ఆ తాళం చెవికి మార్కులెక్కడివి?

(నవ్వులు)

యాంకర్: ఐబీ, ఏపీ అంటే చాలామంది తికమక పడుతున్నారు.

రియల్టర్: ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కావాల్సిన సబ్జెక్టు విడిగా ఎంచుకుని కాలేజీ స్థాయిలో చదవడం. ఐబీ డిప్లొమా అంటే సబ్జెక్టులన్నీ కలిపి ఒకే కోర్సు. ఈ కౌంటీలో హైస్కూళ్లు రెండు రకాలు. చాంటిలీ, ఓక్టన్, లాంగ్లీ ఏపీ బాట. సౌత్ లేక్స్, రాబిన్సన్, మార్షల్ లాంటివి ఐబీ బాట. అడ్రసును బట్టి మీ ఇంటికి పడిన స్కూల్లో ఐబీ ఉండి, మీకు ఏపీ కావాలనుకోండి, మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దింపుకోవడం, తెచ్చుకోవడం మాత్రం మీ పని.

అమ్మాయి: మా వీధిలో ముగ్గురు అలాగే వెళ్లారు. అది ఏపీ మీద ప్రేమ కాదు.

యాంకర్: టీజే సంగతికి వద్దాం. ఎంపికైన పిల్లల్నే చేర్చుకునే సైన్స్, టెక్నాలజీ హైస్కూలు థామస్ జెఫర్సన్ పేరెత్తకుండా ఈ కార్యక్రమం అయిపోతే మనవాళ్లు ఊరుకోరు.

తండ్రి: మా పెద్దవాడు అక్కడే చదివాడు. పాత పద్ధతిలో పరీక్ష రాసి వెళ్లాడు. డిసెంబరు చీకట్లో బస్సు స్టాపులో వాడు నిలబడి ఉంటే, హెడ్‌లైట్లు వేసి కార్లో నేను. ఇప్పుడా పరీక్ష లేదు. 2020 చివర్లో తీసేశారు. ప్రతి పబ్లిక్ మిడిల్ స్కూలుకీ దాని ఎనిమిదో తరగతి సంఖ్యలో 1.5 శాతం సీట్లు కేటాయించి, మిగిలినవి అందరికీ కలిపి ఇస్తున్నారు. కొందరు తల్లిదండ్రులు 2021లో కోర్టుకెళ్లారు. కింది కోర్టులో నెగ్గారు, 2023లో అప్పీల్లో ఓడారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ కేసు వినబోమంది.

యాంకర్: దాంతో లెక్క తిరగబడిందంటారా?

తండ్రి: తిరగబడింది మరి! టీజేకి ఎక్కువమందిని పంపే మిడిల్ స్కూలని ఒకప్పుడు కార్సన్ చుట్టూ ఇళ్ల కోసం ఎగబడ్డాం. ఇప్పుడు అదే గుంపులో మన పిల్లాడు పోటీ పడాలి. పంపే అలవాటు లేని స్కూలైతే ఆ 1.5 శాతంలోనే చోటు దొరకొచ్చు. పదికి పది అని మురిసిన చోటే ఇరుకైపోయింది.

రియల్టర్: ర్యాంకుల సంగతీ అంతే. యూఎస్ న్యూస్ పత్రిక లెక్కలో టీజే 2022లో దేశంలో మొదటిది, 2024కి పద్నాలుగోది. ఆ భవనం అదే, ల్యాబులవే. అయినా నాకొచ్చిన ఫోన్లు చూడాలి మీరు.

యాంకర్: సరిహద్దుల గురించి కూడా చెప్పండి సర్.

రియల్టర్: అది అందరూ వినాలి. అడ్రసులో హెర్న్‌డన్ అని ఉన్నంత మాత్రాన హెర్న్‌డన్ హైస్కూలు పడుతుందనుకోకండి. వెస్ట్‌ఫీల్డ్ పడొచ్చు, సౌత్ లేక్స్ పడొచ్చు. పోస్టాఫీసు గీత వేరు, బడి గీత వేరు. ఇంటి నంబరు కొట్టి కౌంటీ సైటులోనే చూడండి, అమ్మేవాళ్ల ప్రకటన నమ్మకండి. ఆ గీత కూడా రాతి మీద చెక్కింది కాదు. హద్దుల్ని అయిదేళ్లకోసారి సమీక్షించాలని బోర్డు 2024లో నిర్ణయించింది. పైగా హెర్న్‌డన్ దగ్గర ఒక ప్రైవేటు బడి ప్రాంగణాన్ని హైస్కూలు కోసం 2025లో కొన్నారు. కొత్త బడి వస్తే చుట్టూ గీతలన్నీ కదులుతాయి.

తండ్రి: ముప్పై ఏళ్ల అప్పు, అయిదేళ్ల గీత!

యాంకర్: (నవ్వుతూ) మీ చిన్నవాడికి ఏది చూస్తున్నారు?

తండ్రి: వాడు వచ్చే ఏడు తొమ్మిదో తరగతిలోకి వస్తాడు. ఇంజన్లంటే పిచ్చి. చాంటిలీలోనే కార్ల మెకానిజం నేర్పే అకాడమీ ఉంది, వేరే స్కూళ్ల పిల్లలు కూడా బస్సెక్కి వస్తారట. పదకొండేళ్లుగా ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకు పోతున్నా. ఒక్కసారీ లోపలికి వెళ్లి చూడలేదు.

అమ్మాయి: ఓపెన్ హౌస్ పెడతారు కదా అంకుల్. ఈసారి మీరు కార్లో కూర్చోకండి.