భువనగిరి గుట్ట నుంచి ఎవరెస్టు దాకా

నిర్వాహకురాలు: శ్రోతలకు నమస్కారం. అలవాటైన హద్దులు దాటితేనే ఎదుగుదల అన్న మాట అందరం వింటూనే ఉంటాం గానీ, ఎంత దాటాలో, ఎలా దాటాలో వివరించేవారు తక్కువ. అందుకే రాక్ క్లైంబింగ్ నేర్పే శిక్షకులొకరిని ఈ రోజు ఆహ్వానించాం. సార్, భువనగిరి గుట్ట మీద తొలిసారి తాడు కట్టుకున్నవారికి ఎలా ఉంటుంది?

అతిథి: నమస్కారమమ్మా. తాడు సాయంతో కిందికి దిగడాన్ని రాప్లింగ్ అంటాం. అందులో మొదటి అడుగే అన్నిటికంటే కష్టం. గుట్ట అంచున నిలబడి, లోయవైపు వీపు పెట్టి, నడుముకున్న హార్నెస్ అనే పట్టీ మీద బరువంతా వేసి వెనక్కి వాలాలి. శరీరం దానికి ససేమిరా అంటుంది, రాయిని కరుచుకుని ఉండమంటుంది. చిత్రమేమిటంటే, అలా కరుచుకున్నవారికే కాళ్లు జారతాయి. ఒళ్లు రాయికి దగ్గరైనకొద్దీ పాదాల బరువు రాయి మీద కాక కిందికి పోతుంది. ధైర్యం చేసి వెనక్కి వాలి, కాళ్లు ఎడంగా పెట్టి, పాదాలను బండకు అదిమితే అప్పుడు పట్టు దొరుకుతుంది. ఆ సంగతి నేను నోటితో ఎంత చెప్పినా ఎవరూ నమ్మరు. పాదానికి తెలిసిన తరువాతే నమ్ముతారు.

నిర్వాహకురాలు: మాలావత్ పూర్ణ శిక్షణ కూడా ఈ గుట్ట మీదే మొదలైంది కదా?

అతిథి: అవునమ్మా. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో పుట్టిన గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలోనే శిఖరం చేరాడు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివారికి అనుమతి లేనందువల్ల వారు టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అందరికీ గుర్తున్నది ఆ శిఖరం మీది ఫోటో ఒక్కటే. దానికి ముందు భువనగిరి బండ, ఆపైన డార్జిలింగ్‌లోని పర్వతారోహణ సంస్థలో శిక్షణ, ఆ తరువాత లద్దాఖ్ చలి, ఇలా వరుసగా గడిచిన నెలల గురించి మాట్లాడేవారు అరుదు. నా దృష్టిలో మనం నేర్చుకోవలసింది ఆ నెలల నుంచే.

నిర్వాహకురాలు: అంటే ఒక్కసారిగా దూకేయమని పిల్లలకు చెప్పడం సరికాదంటారా?

అతిథి: సరికాదు, ప్రమాదం కూడా. పర్వతం మీద ఈ విషయం శరీరమే చెబుతుంది. ఎవరెస్టు శిఖరం మీద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడో వంతే. అలవాటు లేని మనిషిని ఉన్నట్టుండి అక్కడికి చేర్చి వదిలేస్తే నిమిషాల్లో స్పృహ తప్పుతుంది. అందుకే పగలు పై ఎత్తుకు ఎక్కి, రాత్రి కిందికి దిగి నిద్రపోతాం. 3,000 మీటర్లు దాటాక నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఆగాలని నియమం. పైన పడిన ఇబ్బందికి శరీరం జవాబు వెతుక్కునేది కింద విశ్రాంతి తీసుకునే వేళే; రక్తంలో ఎర్రకణాలు పెరగడానికి రోజులూ వారాలూ పడుతుంది. ఇబ్బంది ఎంత అవసరమో, తిరిగి రావడానికి ఒక క్యాంపు ఉండడం అంత అవసరమమ్మా. ఆ క్యాంపు లేని పిల్లలను సాహసించలేదని తప్పుపడుతుంటే నాకు బాధ కలుగుతుంది. పూర్ణకు గురుకులం ఉంది, శిక్షకులున్నారు, తాడు పట్టినవారున్నారు. ఆ తరువాత ఒక్కో ఖండంలోని ఎత్తైన శిఖరాన్ని ఎక్కుతూ, 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలీతో ఏడింటినీ పూర్తి చేయగలిగింది.

నిర్వాహకురాలు: కొండలెక్కని మా శ్రోతల మాటేమిటి? నలుగురిలో నోరు విప్పడానికే జంకే ఉద్యోగి ఉన్నాడనుకోండి.

అతిథి: పెద్ద సభలో ప్రసంగించమని మొదటే చెప్పను. తనకు బాగా తెలిసిన పని గురించి, తన బృందం ఎదుట రెండు నిమిషాలు మాట్లాడమంటాను. తడబడితే అందుకునే సహోద్యోగి ఒకరు పక్కన ఉండాలి. అది సాయంత్రానికి పెద్ద విషయం అనిపించకపోతే మరుసటి వారం మరొక మెట్టు.

నిర్వాహకురాలు: అంచు దాకా వచ్చి, ఇక నా వల్ల కాదన్నవారిని ఏం చేస్తారు సార్?

అతిథి: తోయను, తోటివారిని నవ్వనివ్వను. హార్నెస్ విప్పకుండానే మెట్ల దారిన కిందికి తీసుకొచ్చి, మంచినీళ్లు తాగించి, గుట్ట పాదం దగ్గర నిలువెత్తు బండ ఒకటుంటే దాని మీద వెనక్కి వాలడం నేర్పుతాను. ఎక్కువమంది ఆ మధ్యాహ్నమే మళ్లీ పైకి వెళదామని వాళ్లంతట వాళ్లే అడుగుతారు.